అర మాత్ర, అర టికెట్టు

"మూడో వంతు తీసేస్తారట!" అన్నారు మామగారు, ఫోను బల్ల మీద పెడుతూ.

తల తుడుచుకుంటూ అప్పుడే స్నానాల గదిలోంచి వచ్చిన కోడలి చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"దేంట్లో మూడో వంతు, మామయ్యా?"

"మనుషుల్లోనే అయ్యుంటుంది. మీ హాజరు మేడం చేసింది ఫోను. రేపు పదకొండింటికి నువ్వు ఆఫీసుకి రావాలిట. మూడో వంతు సంగతి తేల్చాలి, తీసేయక తప్పేట్టు లేదు అంది. నేను హలో హలో అనేలోపు పెట్టేసింది."

ఆఫీసులో ఉన్నది పన్నెండు మంది. పన్నెండులో మూడో వంతంటే నలుగురు. నలుగురితో నారాయణ అన్నారు గానీ, ఆ నలుగురిలో నువ్వూ ఉండమని ఎవరూ అనలేదు కదా! కోడలు మంచం అంచున కూలబడింది.

కిందటి వారం భాగం చదవక బస్సు తప్పినవాళ్ళని ఇక్కడ ఎక్కించుకుందాం. ఉద్యోగం కోసం చదివినవాళ్ళు ఊరినిండా ఉంటారు. చదవడమే ఉద్యోగమైన మనిషి మన కోడలు. మందు డబ్బా తెరవగానే మడతల మీద మడతలుగా, చీమ తలకాయలంత అక్షరాలతో ఒక కాగితం బయటపడుతుంది చూడండి, మనం చదవకుండా పారేస్తామే, అదే ఆమె బతుకుతెరువు. ఆ కాగితం అచ్చుకి వెళ్ళేముందు ఇద్దరు దాన్ని సరిచూడాలి. మందుల కంపెనీ పంపిన అసలు ప్రతిని ఒకరు చుక్కలూ కామాలతో సహా పైకి చదవాలి. రెండోవారు అచ్చుకి సిద్ధమైన ప్రతి మీద స్కేలు జరుపుకుంటూ అక్షరం అక్షరం పోల్చుకోవాలి. చదివేది ఈమె కాబట్టి ఆఫీసంతా చదువులమ్మ అంటుంది. చూసే ఆయన పేరు చుక్కల మాస్టారు. ఆకాశంలో చుక్కలు ఎన్నో ఆయనకి పట్టవు గానీ, కాగితం మీద ఒక్క చుక్క తగ్గితే ఆయనకి పగలే చుక్కలు కనిపిస్తాయి.

రెండేళ్ళ కిందట ఆఫీసు, ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని పని చేసుకోమంది. చదువులమ్మ ఇస్త్రీ బల్లని రాతబల్ల చేసుకుంది. పోను రాను మూడున్నర గంటల బస్సు ప్రయాణం మిగిలింది. దానికి బదులుగా ఆఫీసు ఇంటికొచ్చి కూర్చుంది. చుట్టమైతే నాలుగు రోజులుండి పోతుంది, ఆఫీసు పోదే! కుక్కరు కూతపెట్టినప్పుడల్లా దుప్పటి కప్పుకుని చదివేది. భర్తగారు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పైకీ కిందకీ తిరిగే ఉద్యోగం ఇంటి నుంచి కుదరదు గనక, పగలంతా ఇంట్లో మిగిలేది ఆమే, మామగారూ.

మామగారు ముప్పైయొక్కేళ్ళు బస్సు కండక్టరు. రిటైరైన రోజున ఆయనతోపాటు ఆయన గొంతు కూడా రిటైరైపోయింది. కిటికీ దగ్గర కుర్చీ, చేతిలో చల్లారిన టీ, మూసిన నోరు. ఆరునెలలు అలాగే. "ఏం మామయ్యా?" అంటే "ఏం లేదమ్మా." అంతే. అలాంటిది మూడు నెలల కిందట ఒక పొద్దున ఆమె ఫోనులో చదువుతూ ఒక వాక్యం ముగించగానే కిటికీ దగ్గర్నుంచి చిన్నగా వినిపించింది: "రైట్!" మర్నాటి నుంచి ప్రతి వాక్యం చివరా రైటే. అర్థం కాని చోట మటుకు, బస్సు ఆపించినట్టు, "హోల్డాన్!" ఆమె ఆగేది, మళ్ళీ చదివేది, వివరం చెప్పేది. మనిషి మళ్ళీ మనిషైపోయాడు. టీ వేడిగా తాగడం మొదలుపెట్టాడు.

ఇప్పుడేమో మూడో వంతు.

చదువులమ్మ మాస్టారికి ఫోను చేసింది. ఆయన అవతల నుంచి దిగులుగా, "వంతు కాదమ్మా, గొంతు," అన్నాడు.

"ఏంటీ?"

"మూడో గొంతు. మన చదువులు రికార్డవుతాయి కదా. వాటిని పై ఆఫీసువాళ్ళు విన్నారట. చదివే గొంతు ఒకటి, చూసే గొంతు ఒకటి ఉండాలి. మూడోది ఎవరిదీ అని అడుగుతున్నారు. అచ్చు కాకముందు ఆ కాగితం మూడో చెవిన పడకూడదని రూలు ఉండనే ఉంది."

చదువులమ్మ ఫోను దించి ఎదురుగా చూసింది. ఆ మూడో గొంతుని తీసేస్తారన్న కబురు తనే మోసుకొచ్చిన మూడో గొంతు, కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ వేడి వేడి టీ గుటకేస్తోంది.

"ఎవరికి వచ్చిందమ్మా మూడో వంతు?" అంది ఆ గొంతు.

"మనకే, మామయ్యా. మొత్తం మనకే."

*

మర్నాడు మామగారు తనూ వస్తానని పట్టుబట్టారు. "నేను ఎక్కిన బస్సులో నువ్వు ఒక్కదానివీ దిగిపోతావా? అదేం కుదరదు," అని చొక్కా తొడుక్కున్నారు. ఆఫీసు గది బయటి బల్ల మీద ఆయన్ని కూర్చోబెట్టి, "పిలిచేదాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దు మామయ్యా. రైటు కూడా అనొద్దు," అని ఒట్టు వేయించుకుని లోపలికి నడిచింది.

రెండేళ్ళ తరవాత చూస్తున్న గది. పదకొండు బల్లలు వరసగా. పదింటి మీద దుమ్ము ఎంత నీటుగా పేరుకుందంటే, ఎవరి కప్పు ఎక్కడ పెట్టుకునేవారో గుండ్రటి గుర్తులు ఇంకా తెలుస్తున్నాయి. కిటికీ పక్క బల్ల ఒక్కటీ మెరుస్తోంది. అది చుక్కల మాస్టారిది. అన్నగారి సంసారంతో కలిసి ఎనిమిది మంది రెండు గదుల్లో ఉంటారు. ఆయనకి ఇంట్లో మంచముంది గానీ కుర్చీ లేదు. అందుకే రోజూ ఆఫీసుకి వచ్చి, ఫోను స్పీకరులో పెట్టి, రెండు చేతులా స్కేలు పట్టుకుని వినేవాడు. ఆ బల్లకి ఆనుకునే హాజరు మేడం అద్దాల గది.

మేడం మీటింగు బల్ల చివర కూర్చుంది. ఆమె ఎప్పుడు నోరు తెరిచినా "అందరూ రండి, హాజరవండి" అనే మాటే గనక ఆ పేరొచ్చింది. హాజరు అంటే చాలు సిబ్బంది బేజారు. ముందర మాస్టారు, చదువులమ్మ. మిగతావాళ్ళంతా గోడమీది తెరలో గళ్ళు గళ్ళుగా. తెరమీద ఉన్నారే గానీ ఒక్కరూ నోరు తెరవరు. అక్షరాలు పేర్చే అక్క గడిలో ఆమె ఇంటి సీలింగు ఫ్యాను తిరుగుతోంది. అక్క నుదురు అప్పుడప్పుడు కిందనుంచి పొడుచుకొస్తోంది.

"పై ఆఫీసాయన పదకొండున్నరకి తెరమీదకి వస్తారు," అంది మేడం, ఒక గడి నల్లగా ఖాళీగా ఉంటే దాన్ని చూపిస్తూ. "ఈ మూడో గొంతు ఎవరిదో ఆయనకి చెప్పాలి. ఇంట్లో పని పెట్టడం వల్లే ఇలాంటివి జరుగుతున్నాయి, సోమవారం నుంచి అందర్నీ ఆఫీసుకి రప్పించి, ఆ గొంతుని రానిచ్చిన మనిషిని తీసేయమని ఆయన మాట. ముందు వినండి."

మీట నొక్కింది. గదిలో చదువులమ్మ గొంతు మోగింది.

"మాత్రను విరవకూడదు కామా నమలకూడదు కామా మొత్తంగా నీటితో మింగవలెను చుక్క."

"రైట్!"

"మొదటి వారం రోజుకు అర మాత్ర చొప్పున వేసుకొనవలెను చుక్క."

"హోల్డాన్!"

మేడం ఆపేసింది. "ఎవరు?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"అది నా దగ్గు, మేడం," అన్నాడు మాస్టారు.

"హోల్డాన్ అని దగ్గుతారా?"

"చలికాలం కదా మేడం. కఫం బాగా పట్టింది."

అక్షరాల అక్క సీలింగు లోంచి మాట కలిపింది. "టీవీ అయ్యుంటుంది మేడం! మా ఇంట్లో కూడా పనిచేస్తుంటే పక్కింటి టీవీ, పైనింటి మిక్సీ, కిందింటి మొగుడూ పెళ్ళాల పోట్లాట, అన్నీ రికార్డవుతాయి. నా రికార్డు వింటే మీకు మా వీధి సినిమా మొత్తం వచ్చేస్తుంది."

చదువులమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వీళ్ళంతా తన కోసం అబద్ధం ఆడుతున్నారు. పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతికి బతికే మనుషులు, తన తప్పుని కప్పడానికి పోటీ పడుతున్నారు.

"ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు," అని లేచి నిలబడింది. "అది మా మామగారి గొంతు. కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను చదువుతుంటే వింటారు. తప్పు నాదే. మిగతాది కూడా వినిపించండి మేడం. సగంలో ఆపితే ఆయన మాట సగమే అవుతుంది."

మేడం చెయ్యి ఒక్క క్షణం తటపటాయించింది. ఎందుకో ఆ మిగతాది వినిపించడం ఆమెకి ఇష్టం లేనట్టుంది. అయినా నొక్కింది.

"ఏం మామయ్యా?" అంది రికార్డులో చదువులమ్మ.

"ఇందాక విరవకూడదన్నావు. ఇప్పుడేమో అర మాత్ర అంటున్నావు. విరవకుండా అర ఎట్లా వస్తుందే అమ్మాయ్? ముప్పైయొక్కేళ్ళు అర టికెట్లు ఇచ్చాను. ఒక్కనాడైనా ఫుల్లు టికెట్టుని సగానికి చింపి ఇచ్చానా? అర టికెట్టుకి వేరే కట్ట ఉంటుంది! ఈ మాత్రకి కూడా ఉండాలిగా? ఆ మాత్రం తెలీదా వాళ్ళకి?"

తెరమీద గళ్ళన్నీ ఒక్కసారిగా పగలబడి నవ్వాయి. మాస్టారు దగ్గు మరిచిపోయి నవ్వాడు. ఆ గోలలో చదువులమ్మ చెవి మటుకు ఒకచోట ఆగింది. రికార్డులో కూడా ఎవరో నవ్వారు. తను కాదు. మాస్టారు కాదు. కిలకిలమని, గబుక్కున నొక్కేసుకున్న ఆడ నవ్వు. మేడం చటుక్కున మీట ఆపేసింది.

"ఇది చూడండి," అంది తొందరగా, ఫైలులోంచి ఒక ఉత్తరం తీసి. "మందుల కంపెనీ రాసింది. అర మోతాదుకి చిన్న మాత్ర విడిగా ఉందట. ఆ సంగతి కాగితంలో రాయడం మరిచిపోయారట. మనవాళ్ళు ప్రశ్న పంపాక అచ్చు ఆపి సరిచేశారు. మూడు నెలల్లో ఇలాంటి ప్రశ్నలు ఏడు పంపాం. ఏడూ ఈ ఇద్దరి దగ్గర్నుంచే."

"ఇద్దరి దగ్గర్నుంచి కాదు మేడం," అన్నాడు మాస్టారు. "నా దగ్గర ఆ కాగితం పాసైపోయింది. అసలులో ఏముందో అచ్చులోనూ అదే ఉంది. చుక్క కూడా తేడా లేదు. అసలులో తప్పుంటే దాన్ని తప్పకుండా అచ్చులోకి ఎక్కించడమే మా పని. నేను అక్షరాలు చూస్తాను, ఆమె అక్షరాలు చదువుతుంది. ఆ మాత్ర మింగబోయే మనిషిలా విన్నది ఆయనొక్కడే."

"కావచ్చు. కానీ రూలు రూలే కదా మాస్టారూ," అంది మేడం. గొంతులో మునుపటి పదును లేదు. "అందరూ ఇక్కడికి వచ్చి కూర్చుంటే ఈ బాధే లేదు."

"వస్తే బాధ లేదని కాదు మేడం," అంది అక్షరాల అక్క. ఈసారి సీలింగు పోయి ముఖం వచ్చింది. "ఇంట్లో నాకు పని రెట్టింపు సాగుతుంది. నిజం. కానీ రెండేళ్ళుగా నా భుజం మీదుగా తొంగిచూసి, 'బాగా పేర్చావే' అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. తప్పొస్తే మెయిలొస్తుంది. బాగుంటే ఏమీ రాదు."

"నాకు ఆఫీసే ఇల్లు," అన్నాడు మాస్టారు. "నన్ను ఇంటికి పొమ్మనకండి, అంతే చాలు. కానీ అందర్నీ నాలా ఉండమనడం కూడా న్యాయం కాదు."

అందరూ చదువులమ్మ వైపు చూశారు.

"రమ్మంటే వస్తాను మేడం. బస్సుల్లో నిలబడటం నాకు కొత్త కాదు. ఇంట్లో పని కూడా ఏమంత సుఖం కాదు, కుక్కరు పక్కన దుప్పట్లో దూరి చదివేదాన్ని. కానీ ఆరునెలలు ఆ మనిషి మా ఇంట్లో గోడలా కూర్చున్నాడు. ఏం పెట్టినా తిన్నాడు, ఏం అడిగినా లేదన్నాడు. 'రైట్' అన్న రోజున నేను చదువుతున్న లైను మరిచిపోయాను. నేను ఇక్కడికి వచ్చేస్తే ఆయనకి ఆ కిటికీ ఒక్కటే మిగులుతుంది. నా ఉద్యోగం తీసేస్తే ఇంకోటి వెతుక్కుంటాను. ఆ గొంతుని తీసేస్తే ఎక్కడ వెతకను?"

"హోల్డాన్!"

తలుపు తెరుచుకుంది. మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒట్టులో పేరు పెట్టి చెప్పింది 'రైట్' ఒక్కటే, 'హోల్డాన్' కాదు!

"మామయ్యా, మీరు—"

"ఉండమ్మా. అమ్మా మేడం, ముప్పైయొక్కేళ్ళు టికెట్టు లేనివాడు దొరికితే దింపేశాను. చుట్టమైనా సరే, ఒకసారి మా బావమరిదిని కూడా వానలో దింపేశాను. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఇప్పుడు మూడు నెలలుగా మీ బస్సులో టికెట్టు లేకుండా తిరుగుతున్నది నేను. దింపితే నన్ను దింపండి. డ్రైవర్ని దింపుతారా ఎక్కడైనా? బస్సు ఎవరు నడుపుతారు? నేనా? నాకు వచ్చింది ఒకటే, రైట్ అనడం. అది కూడా రాంగు టైములో అన్నాను!"

మేడం పెదవి కొరుక్కుంది. ఫైలుని ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏమీ లాభం లేకపోయింది. ఫైలు వెనకాలనుంచి కిలకిలమని నవ్వు తన్నుకొచ్చి, గబుక్కున ఆగిపోయింది.

మామగారి తల ఒక పక్కకి వాలింది. నిండు బస్సులో వెనక సీట్లో ఎవరు నవ్వారో ముందు గుమ్మం దగ్గర్నుంచి చెప్పగలిగిన చెవులవి.

"ఈ నవ్వు నాకు తెలుసే," అన్నారు నెమ్మదిగా. "అర టికెట్టు చెప్పిన రోజు ఫోనులో వినిపించింది ఇదే. ఆ తరవాత కూడా ఉండుండి వినపడేది. మాస్టారి ఇల్లాలు కాబోలు అనుకున్నా."

"నాకు పెళ్ళి కాలేదండీ," అన్నాడు మాస్టారు.

అందరి కళ్ళూ మేడం మీదకి మళ్ళాయి. ఆమె ఫైలు దించింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నాదే," అంది. "నాలుగో గొంతు నాది."

తన అద్దాల గది తలుపు వైపు చెయ్యి చూపించింది.

"మాస్టారు ఫోను స్పీకరులో పెట్టుకుంటారు. నా గది తలుపు పక్కనే. రోజూ పొద్దున్నే వచ్చి హాజరు పట్టీ తెరిస్తే రెండే సంతకాలు, ఆయనదీ నాదీ. నేనూ ఆయనా ఎంతసేపని వాతావరణం గురించి మాట్లాడుకుంటాం? పదకొండయ్యేసరికి మీ చదువు మొదలయ్యేది. రైట్, హోల్డాన్. నేను తలుపు ఓరగా తీసి పెట్టుకుని వినేదాన్ని. మొదటి రోజే తెలుసు నాకు, అది బయటి మనిషి గొంతని. వెంటనే పైకి రాయాలి. రాయలేదు. రాస్తే ఆ గొంతు ఆగిపోతుంది కదా! నేను అందర్నీ రండి రండి అంటే మీరంతా రూలు కోసం అనుకున్నారు. రూలు కోసం కాదు. ఈ గదిలో మనిషి అలికిడి కోసం."

అక్షరాల అక్క ముక్కు ఎగబీల్చింది. మ్యూటులో లేదు గనక అందరికీ వినపడింది.

"అయితే మేడం," అన్నాడు మాస్టారు, "పై ఆఫీసుకి చెప్పాల్సింది ఒక గొంతు గురించి కాదు, రెండు గొంతుల గురించి."

"చెబుతాను," అంది మేడం. కాగితం ముందుకి లాక్కుంది. "ఇదీ రాస్తాను. చదివేవారు ఒకరు, చూసేవారు ఒకరు కాకుండా, వినేవారు ఒకరు ఉండాలి. మందుల గురించి ఏమీ తెలియని మనిషి. నోరు మెదపనని సంతకం పెట్టిన మనిషి. వారానికి రెండు రోజులు అందరం ఇక్కడ, మిగతా రోజులు ఎవరికి ఎక్కడ కుదిరితే అక్కడ. ఒప్పుకుంటారో, నన్నే ముందు దింపేస్తారో తెలీదు. పదకొండున్నరకి ఆయన వచ్చేలోపు నాకు ధైర్యం కావాలి, అంతే."

"రైట్ రైట్!" అన్నారు మామగారు, రెండు చేతులూ చరిచి. చదువులమ్మ ఈసారి ఆయన్ని ఆపలేదు.

మాస్టారు మటుకు ఆ సందడిలో లేడు. ఆయన కళ్ళు గోడమీది తెరకి అతుక్కుపోయి ఉన్నాయి. చుక్క కనబడితే చూడకుండా ఉండలేని కళ్ళు.

"మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ నల్ల గడిలో మూలన... పచ్చ చుక్క."

అందరూ అటు తిరిగారు. ఖాళీగా ఉందనుకున్న గడిలో, ఆవగింజంత పచ్చ చుక్క నిలకడగా వెలుగుతోంది. అది ఎప్పట్నుంచి వెలుగుతోందో, ఆ చుక్క అవతలి చెవి ఎంత విన్నదో ఎవరికీ తెలీదు. మేడం చెయ్యి తెర ఆపే మీట మీదకి పరిగెత్తింది.

"హోల్డాన్," అంది గోడ.

మేడం చెయ్యి గాలిలో ఆగింది. వయసు మళ్ళిన, కొంచెం బొంగురు గొంతు. ఐదో గొంతు.

"అర టికెట్టు దగ్గర్నుంచి ఇక్కడే ఉన్నాను. అంతా విన్నాను. ఎవరూ కదలొద్దు. నాదొక ప్రశ్న ఉంది. మీకు కాదు మేడం, గుమ్మం దగ్గరున్న ఆ కండక్టరు గారికి."

చదువులమ్మ మామగారి చెయ్యి పట్టుకోబోయింది. మామగారు మటుకు, చెకింగువాళ్ళు బస్సెక్కినప్పుడు లెక్క సరిగ్గా ఉన్న కండక్టరు నిలబడినట్టు, చొక్కా పై గుండీ పెట్టుకుని, తెర ఎదురుగా వచ్చి నిటారుగా నిలబడ్డారు.

"అడగండి," అన్నారు.